మెతుకుసీమ చర్చి చెప్పిన సంగతులు

మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాల్లో పుట్టి పెరిగినవారికి చర్చి గంట కొత్త శబ్దం కాదు. తెల్లవారుజామున మసీదు మైకులో ఫజ్ర్ అజాన్, ఆ వెనుకనే గుడిలో సుప్రభాతం, ఆదివారం పొద్దెక్కాక చర్చి గంట. ఈ మూడు ధ్వనుల మధ్యనే మన పిల్లలు పెరుగుతున్నారు. మన ఇళ్లలో ఎందరో ఆడపిల్లలు మిషన్ బడుల్లో పలక పట్టి అక్షరాలు దిద్దారు. అయినా ఆ ప్రహరీ గోడకు అవతల ఉన్న మందిరాన్ని ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని అడిగితే మనలో ఎక్కువమంది సమాధానం చెప్పలేరు. పక్కింటివారి పెళ్లికి వెళతాం, చావుకు వెళతాం. వారి విశ్వాసం గురించి మాత్రం ఏమీ తెలుసుకోకుండానే జీవితం గడిపేస్తాం.

గత శీతాకాలం సెలవుల్లో మా బంధువర్గంలోని రెండు కుటుంబాల వారం కలిసి మెదక్ వెళ్లాం. వంద సంవత్సరాలు దాటిన అక్కడి చర్చిని, దాని చుట్టూ ఉన్న విశాలమైన ఆవరణను చూడాలన్నది పిల్లల కోరిక. బయలుదేరే ముందు ఇంట్లో చర్చ జరిగింది. "గుళ్లూ చర్చిలూ చూడటం మనకెందుకు బేటా?" అన్నారు నానీ. "బడివాళ్లు విహారయాత్రకు తీసుకువెళితే ఎలాగూ చూస్తాం కదా నానీ! మీరే వెంట ఉండి చూపించి చెబితే నయం కదా!" అన్నది మనవరాలు. ఆ రెండు మాటల్లోనూ న్యాయముంది. పెద్దావిడ మాటలో విశ్వాసాన్ని కాపాడుకోవాలన్న జాగ్రత్త ఉంది. పిల్ల మాటలో మనం కాదనలేని వాస్తవం ఉంది. కనుక ముందుగా ఆ ప్రశ్ననే విచారిద్దాం.

చూడటం వేరు, ఆరాధన వేరు

ఇతర మతస్తుల ఆరాధనాలయంలో అడుగు పెట్టే విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కొందరు దీనిని అయిష్టకరంగా భావించారు. మరికొందరు షరతులతో అనుమతించారు. అందరూ ఏకీభవించిన అంశం ఒకటుంది. వారి ఆరాధనలో మనం పాలుపంచుకోరాదు, తౌహీద్‌కు భంగం కలిగించే ఏ చర్యకూ తలవంచరాదు. ఎవరి మనసులోనైనా సందేహం మిగిలి ఉంటే తమకు నమ్మకమున్న ఆలింను అడిగి తెలుసుకోవడం మేలు.

అయితే మన తొలితరం చరిత్రను తిరగవేస్తే మనసుకు ఊరట కలిగించే ఘట్టాలు కనిపిస్తాయి. మక్కాలో హింస భరించలేక కొందరు విశ్వాసులు అబిసీనియాకు వలస వెళ్లినప్పుడు వారికి ఆశ్రయమిచ్చినవాడు క్రైస్తవుడైన నజాషీ చక్రవర్తి. ఆ కొలువులో హజ్రత్ జాఫర్ (రజి) మర్యం సూరాలోని ఆయతులు వినిపించగా ఆ రాజు కన్నీరు పెట్టుకున్నాడు. ఆ వలసలో వెళ్లిన ఉమ్మె సలమా (రజి), ఉమ్మె హబీబా (రజి) అక్కడ ఒక చర్చిని చూశారు. ఆ తర్వాత ఎంతో కాలానికి దాని అందాన్నీ, అందులోని చిత్రాలనూ దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో ప్రస్తావించారు. సజ్జనుల సమాధులపై ఆరాధనాలయాలు కట్టడం, వాటిలో చిత్రాలు నిలపడం తప్పు అని ఆయన బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ ఇద్దరు తల్లులూ తాము చూసినదాన్ని దాచుకోలేదు. ప్రవక్త (సఅసం) కూడా చూసినందుకు వారిని మందలించలేదు. చూసినదాని నుంచి ఏది గ్రహించాలో, ఏది విడిచిపెట్టాలో చెప్పారు. మన ఇళ్లలో తల్లిదండ్రులు చేయవలసిన పని కూడా అదే.

నజ్రాన్ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రతినిధి వర్గానికి తమ ప్రార్థన వేళ అయినప్పుడు ప్రవక్త మసీదులోనే దానిని జరుపుకోనిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) జెరూసలేం ప్రవేశించినప్పటి సంగతి ఇంకా ప్రసిద్ధమైనది. నమాజు వేళ కాగా అక్కడి మత పెద్ద సోఫ్రోనియస్ చర్చిలోనే నమాజు చేసుకోమని కోరాడు. ఉమర్ (రజి) అంగీకరించక బయటికి వచ్చి నమాజు చేశారు. తాను లోపల సజ్దా చేస్తే, ఉమర్ నమాజు చేసిన చోటు మాది అంటూ రేపు ముస్లింలు ఆ చర్చిని లాక్కుంటారేమోనన్నది ఆయన భయం. ఇతరుల ఆరాధనాలయాన్ని తన జాతి నుంచే కాపాడిన పాలకుడు ఆయన. దివ్యఖుర్ఆన్ సైతం హజ్ సూరాలో మఠాలను, చర్చిలను, యూదుల ఆరాధనాలయాలను, మసీదులను ఒకే వరుసలో పేర్కొని, అవి కూలిపోకుండా అల్లాహ్ ఎలా కాపాడుతున్నాడో తెలియజేస్తుంది. కాబట్టి ఒక చర్చి ముందు నిలబడిన ముస్లింకు ద్వేషమూ తగదు, దాసోహమూ తగదు. మర్యాద తగుతుంది.

మెతుకు నుంచి గుల్షన్ వరకు

దోర్నాల దాటి నల్లమల అడవిలో శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి ఇంచుమించు 100 కిలోమీటర్లు ప్రయాణిస్తే మెదక్ వస్తుంది. అడవి దారిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు గనుక మన ప్రాంతం నుంచి వెళ్లేవారు ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరడం మంచిది.

మెదక్ పాత పేరు మెతుకుదుర్గం. మెతుకు అంటే అన్నం మెతుకే. వరి పండే సీమ కనుక ఆ పేరు వచ్చిందంటారు. నిజాం కాలంలో పచ్చదనాన్ని చూసి దానికి గుల్షనాబాద్ అని పేరు పెట్టారు. గుల్షన్ అంటే పూలతోట అని మన ఇళ్లలో వేరే చెప్పనవసరం లేదు. ఊరికి ఒక పక్క గుట్ట మీద కాకతీయుల నాటిదిగా చెప్పే కోట, ఆ కోటలోనే కుతుబ్‌షాహీల నాటి మసీదు ఉన్నాయి. దూరం నుంచే కనిపించే చర్చి గోపురం ఊరికి మరో ఆనవాలు. ఒక పేరులో అన్నం, మరో పేరులో తోట. ఆ ఊరి చర్చి కథలో ఈ రెండూ కలిసి ఉన్నాయి.

చార్లెస్ వాకర్ పోస్నెట్ ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో 1870లో జన్మించాడు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895లో సికింద్రాబాదు ప్రాంతానికి వచ్చి తిరుమలగిరిలో సైనికులకు మత బోధకుడిగా పనిచేశాడు. ఆ ఉద్యోగం తృప్తినివ్వక పల్లెలను వెతుక్కుంటూ మెదక్ చేరుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ సీమను కరువు, అంటువ్యాధులు పీడించాయి. పేరులోనే మెతుకున్న ఊళ్లో మెతుకు కరువైంది. ఆకలితో మిషన్ బంగళా ముందు చేరిన జనానికి ఊరికే దానం చేయడం పోస్నెట్‌కు నచ్చలేదు. అలవాటుగా చేయి చాపడం మనిషి గౌరవాన్ని తినేస్తుందని అతని నమ్మకం. కనుక ఒక పెద్ద ప్రార్థనా మందిరం కట్టడానికి పూనుకుని, రాళ్లు మోసిన వారికీ, సున్నం కలిపిన వారికీ కూలి ఇచ్చి అన్నం పెట్టాడు. 1914లో మొదలైన నిర్మాణం 10 సంవత్సరాలు సాగింది. 1924 డిసెంబరు 25న మందిరాన్ని ప్రారంభించారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత ఇది దాని మెదక్ డయోసిస్‌కు ప్రధాన ఆలయమైంది. 2024 డిసెంబరుతో నూరేళ్లు నిండాయి.

రాయి, గాజు, వెలుతురు

మేము వెళ్లినది వారం మధ్యలో, ప్రార్థనలు లేని వేళ. గేటు దాటగానే మొదట ఆకట్టుకునేది కట్టడం కాదు, దాని ముందు పరచుకున్న ఖాళీ స్థలం. పొడవాటి దారి, దానికి ఇరువైపులా చెట్లు, చెట్ల కింద కూర్చుని మూటలు విప్పుకుంటున్న కుటుంబాలు. వారిలో బొట్టు పెట్టుకున్నవారూ, బురఖా ధరించినవారూ, బైబిలు చేతబట్టినవారూ ఉన్నారు. వారందరూ ఒకే నీడ కింద రొట్టెలు తింటున్నారు. పిల్లలు పచ్చికలో పరుగులు తీస్తున్నారు. ఎవరూ ఎవరినీ "మీరెవరు?" అని అడగలేదు.

కట్టడం బూడిదరంగు రాతితో, శిలువ ఆకారంలో ఉంటుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురం ఎత్తు సుమారు 173 అడుగులు. ఒకేసారి 5,000 మంది వరకు కూర్చోగలరంటారు. ఈ గోపురం చార్మినారు కన్నా ఎత్తు పెరగడానికి వీల్లేదని నిజాం ప్రభుత్వం పట్టుబట్టిందని జనం చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, చార్మినారు ఎత్తు 184 అడుగులు కనుక రెండింటి మధ్య ఒక పదకొండు అడుగుల మర్యాద మిగిలింది.

లోపల నేల మీద ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగుల పలకలు పరిచారు. వాటి రంగులు నేటికీ చెక్కుచెదరలేదు. అయితే చూపరులను నిలబెట్టేవి మూడు పెద్ద గాజు కిటికీలు. లండనుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు వీటిని రూపొందించాడు. రంగు గాజు ముక్కలను అతికి చేసిన ఈ చిత్రాలకు లోపలి దీపాలతో పని లేదు. బయటి సూర్యకాంతి వాటి గుండా లోనికి వచ్చినప్పుడే బొమ్మ కనిపిస్తుంది. చీకటి పడితే అవి నల్లని గోడలే. ఒకటి ఈసా (అలై) జననాన్ని, ఒకటి శిలువ ఘట్టాన్ని, బలిపీఠం వెనుక ఉన్నది ఆయన ఆకాశానికి ఎత్తబడటాన్ని చూపుతాయి.

"అబ్బా, ఇది మన మర్యం బీబీ కథేనా?" అని చిన్నవాడు అడిగాడు. ఇలాంటి చోట తల్లిదండ్రులు తడబడవలసిన పని లేదు. మర్యం (అలై) పేరిట దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. ప్రసవ వేదనలో ఆమె ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయించడం, ఆమె పాదాల దిగువన సెలయేరు ప్రవహించడం, చెట్టును ఊపితే పండ్లు రాలడం అందులో చదువుతాం. ఊయలలోని పసికందు ఈసా (అలై) మాట్లాడిన ఘట్టం కూడా అందులోనే ఉంది. కాబట్టి "అవును బేటా, ఆ తల్లి మనకూ తల్లి వంటిదే. కథలో కొంత భాగం ఇద్దరిదీ ఒకటే" అని చెప్పాం. శిలువ కిటికీ ముందుకు వచ్చేసరికి తేడా కూడా చెప్పాం. ఈసా (అలై)ను శిలువ వేయలేదని, అల్లాహ్ తన వైపునకు ఎత్తుకున్నాడని మన విశ్వాసం. ఆయన అల్లాహ్ పంపిన ప్రవక్తలలో గొప్పవారు, అల్లాహ్ కుమారుడు కారు. ప్రవక్తల రూపాలను మనం చిత్రించం. ఇంత చెప్పి, "కానీ ఇది వారి ఇల్లు. ఇక్కడ వాదించకూడదు, వేలెత్తి చూపకూడదు, నవ్వకూడదు" అన్నాం. పిల్లవాడు తల ఊపాడు. అయిదు నిమిషాల్లో అతనికి తన విశ్వాసమూ తెలిసింది, ఎదుటివారి మర్యాదా తెలిసింది. ఇంట్లో నెల రోజులు పాఠం చెప్పినా ఇంత స్పష్టంగా చెప్పగలిగేవాళ్లం కాదేమో!

గొడ్డలి ఇచ్చిన దానం

పోస్నెట్ ఆలోచన మనకు పరాయిది కాదు. ఒక అన్సారీ దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి సాయం అడిగిన సంఘటన అబూదావూద్ హదీసుల్లో ఉంది. ఇంట్లో ఏమున్నదని ఆయన అడిగారు. కప్పుకుని పరుచుకునే ఒక దుప్పటి, నీళ్లు తాగే గిన్నె తప్ప ఏమీ లేవన్నాడతను. ఆ రెంటినీ తెప్పించి, అక్కడే వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒకదానితో ఇంటికి తిండి గింజలు, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా పిడి అమర్చి, అడవికి వెళ్లి కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజులు తన కంట పడవద్దని చెప్పారు. అతను పది దిర్హములతో తిరిగి వచ్చాడు. భిక్ష పెట్టడం సులభం. గొడ్డలికి పిడి అమర్చి ఇవ్వడం కష్టం. ప్రవక్త (సఅసం) కష్టమైనదాన్నే ఎంచుకున్నారు.

మన చరిత్రలోనూ కరువు వేళ రాళ్లు పేర్చి ప్రాణాలు నిలిపిన కట్టడం ఉంది. లక్నోలోని పెద్ద ఇమాంబాడాను నవాబు ఆసఫుద్దౌలా 1784 కరువు కాలంలో ప్రజలకు పని కల్పించడానికే మొదలుపెట్టాడు. పగలు కూలీలు కట్టినదాన్ని రాత్రి వేళ కొందరు పడగొట్టేవారనీ, పని ఎక్కువ కాలం సాగాలనే అలా చేయించారనీ ఒక కథ. మానవంతులైన కుటుంబాలవారు తమ ముఖం ఎవరికీ కనబడకుండా చీకట్లో పని చేసి కూలి తీసుకునేవారని కూడా అంటారు. కథలో అతిశయోక్తి ఉండవచ్చు. ఆకలిగొన్నవాడికి అన్నంతో పాటు మానం కూడా ముఖ్యమన్న గ్రహింపు మాత్రం అతిశయోక్తి కాదు.

మన గుండ్లకమ్మ ఒడ్డున కూడా ఇలాంటి చరిత్రే జరిగింది. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం పొలాల మీదుగా సాగే ఈ నది పశ్చిమ ప్రకాశానికి ప్రాణం. 1876–78 నాటి ధాత కరువు మన తాతల తాతలను తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో మూడున్నర మైళ్ల పని తానే గుత్తకు తీసుకున్నాడు. ఇతర కాంట్రాక్టర్ల దగ్గర తిట్లూ దెబ్బలూ తింటున్న దళిత కూలీలు వేల సంఖ్యలో వచ్చి అతని శిబిరంలో పని చేసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

ఈ కథలో మనం ఆగి ఆలోచించవలసిన చోటు ఒకటుంది. కరువు పని సాగినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని అతని పట్టుదల. సాయం ఆగిపోయిన తరువాత, ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఇదే గుండ్లకమ్మ నీటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో కంభం, మార్కాపురం వంటి ఊళ్లలో ఆ మిషన్ కేంద్రాలు వెలిశాయి. గిద్దలూరు వైపు నంద్యాల దిక్కు నుంచి ఆంగ్లికన్ మిషన్ వచ్చింది. మనం రోజూ దాటి వెళ్లే చర్చి గోడల వెనుక ఉన్న చరిత్ర ఇది.

వారి విశ్వాసంతో మనం ఏకీభవించం. అయినా రెండు ప్రశ్నలు మనల్ని వదలవు. అంతమంది ఎందుకు వెళ్లారు? ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజం నుంచి, పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న వారి దగ్గరికి వెళ్లారు. మనుషులంతా ఒకే జంట సంతానమని, తెల్లవాడికి నల్లవాడిపై ఆధిక్యం లేదని చాటిన ధర్మం అప్పటికే ఈ ఊళ్లలో మన ఇళ్లలో ఉంది. ఆ మాట ఆ వాడల దాకా ఎందుకు చేరలేదు? ఇది మొదటి ప్రశ్న. నేడు మనం పంచే రేషను సంచి, రంజాను కిట్టు పుచ్చుకునేవాడి మానాన్ని కాపాడుతున్నాయా, లేక అతన్ని ఫొటోలో నిలబెడుతున్నాయా? ఇది రెండవ ప్రశ్న. అల్లాహ్ ప్రీతి కోసమే అన్నం పెట్టి, ప్రతిఫలాన్నీ కృతజ్ఞతనూ కోరనివారిని దివ్యఖుర్ఆన్ దహ్ర్ సూరాలో మెచ్చుకుంటుంది. అన్నానికి ఏ షరతూ జోడించరాదన్న పాఠం మనకు అక్కడే ఉంది.

తోట చూసి గుర్తుకు వచ్చిన ఈద్‌గాహ్

జుహ్ర్ నమాజు ఊళ్లోని మసీదులో చేసుకుని తిరిగి వచ్చి చర్చి ఆవరణలో కాసేపు కూర్చున్నాం. ఒక పనివాడు గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. "ఇంత పెద్ద స్థలాన్ని ఎలా చూసుకుంటున్నారన్నా?" అని అడిగాం. "రోజూ కొంచెం కొంచెం చేస్తేనే సార్, పండగ ముందు ఒక్కసారే చేద్దామంటే అయ్యే పని కాదు" అన్నాడు.

ఆ మాట మన ఊళ్ల వైపు ఆలోచన మళ్లించింది. మన ఈద్‌గాహ్‌లు సంవత్సరానికి రెండు పూటలు తెరుచుకుంటాయి. పండుగ ముందు రోజు కంప కొట్టించి, సున్నం వేయించి, షామియానా కట్టిస్తాం. మిగిలిన దినాలన్నీ అక్కడ సర్కారు తుమ్మ పెరుగుతుంది. మన కబరస్తాన్‌లను షబే బరాత్ ముందు శుభ్రం చేస్తాం, ఆ తరువాత జనాజా వస్తే తప్ప అటు చూడం. వక్ఫ్ చేసిన పెద్దలు ఆ నేలను అల్లాహ్ పేర విడిచి వెళ్లారు, ముళ్ల పేర కాదు. పైగా ఖాళీగా, ముళ్లతో నిండి ఉన్న స్థలానికే ఆక్రమణ బెడద ఎక్కువ. నలుగురూ కూర్చునే చెట్టు నీడ ఉన్న చోట గోడ జరపడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

మాది కరువు సీమ, ఫ్లోరైడు నీళ్ల సీమ, తోటలు ఎలా పెంచుతామని కొందరు అనవచ్చు. నిజమే. అందుకే పూలతోట అక్కర లేదు. వేప, కానుగ, నేరేడు చాలు. ఇవి మొదటి రెండు వేసవులు గడిస్తే ఆ పైన మన నేలలో తమ బతుకు తాము చూసుకుంటాయి. ఆ రెండు వేసవులకు నీళ్లు ఎక్కడివి? మసీదు వుజూఖానాలోనే ఉన్నాయి. అయిదు పూటలా కాలువలోకి పోయే ఆ నీటిలో మురికి తక్కువ. చిన్న పైపు వేసి గుంతలోకి మళ్లిస్తే పది చెట్లు బతుకుతాయి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు అటూ ఇటుగా ఉన్న నీటితో, వుజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. కొళాయి తిప్పి వదిలేసే మన అలవాటును కాస్త తగ్గించుకుంటే ట్యాంకులో నీళ్లు మిగులుతాయి. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర వృథా రాయి గుట్టలుగా పడి ఉంటుంది. చెట్ల పాదుల చుట్టూ అంచు కట్టడానికి, నడక దారి పరచడానికి అంతకన్నా చవకైన సామగ్రి ఏముంది?

ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా పుణ్యం దక్కుతుందని ప్రవక్త (సఅసం) బోధించారు. ప్రళయ ఘడియ ముంచుకువచ్చినప్పుడు చేతిలో మొక్క ఉంటే, వీలుంటే దాన్ని నాటేయమన్నారు. ఇంతకుమించిన ప్రోత్సాహం ఏ ధర్మంలోనైనా ఎవరికి కావాలి? మన మసీదు ఆవరణలో నాటిన నేరేడు పండు పక్క వీధి క్రైస్తవ పిల్లాడు తింటే, గుడి నుంచి తిరిగి వస్తున్న ముసలమ్మ మన ఈద్‌గాహ్ వేపచెట్టు కింద కాసేపు అలుపు తీర్చుకుంటే, అదీ సదఖాయే. మెదక్ చర్చి తోటలో బురఖా ధరించిన మన చెల్లెళ్లు నిశ్చింతగా కూర్చోగలిగారు. మన ఆవరణల్లో పరుల ఆడపడుచులు అంతే నిశ్చింతగా కూర్చోగలరా? ఈ ప్రశ్నకు జవాబు మసీదు కమిటీలు మాత్రమే కాదు, ప్రతి ఇల్లూ చెప్పాలి.

వెళ్లదలచినవారికి

మెదక్ అయినా, మన ఊరి చర్చి అయినా, పిల్లలతో చూడటానికి వెళ్లేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ఆదివారాలు, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజుల్లో వెళ్లవద్దు. అవి వారి ఆరాధనకు సంబంధించిన దినాలు, పైగా మెదక్‌లో ఆ రోజుల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది. కిటికీల అందం చూడాలంటే పగటి వేళే వెళ్లాలి. లోపల ఫొటోలు తీయవచ్చా అని ముందుగా అక్కడివారిని అడగాలి. ఎవరైనా ప్రార్థనలో ఉంటే వారి ముందు నుంచి నడవకూడదు. మన మసీదులో మనం కోరుకునే మర్యాద అదే కదా! నమాజు వేళలు చూసుకుని దగ్గరి మసీదు ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. అన్నింటికీ మించి, పిల్లలకు బయలుదేరే ముందు ఇంట్లోనే మర్యం (అలై), ఈసా (అలై) వృత్తాంతాలు చెప్పి తీసుకువెళ్లాలి. తన ఇంటి దీపం వెలిగి ఉన్న పిల్లవాడు పక్కింటి దీపాన్ని చూసి భయపడడు, దారీ తప్పడు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో తొలకరి జూన్‌లో పడుతుంది. అంతకు ముందే గుంతలు తీసి పెట్టుకుంటే మొదటి వానకే మొక్క నాటవచ్చు. ప్రతి ఇల్లూ ఒక గుంత, ప్రతి పిల్లవాడి పేరిట ఒక మొక్క, జుమా నమాజుకు వచ్చేటప్పుడు చేతిలో ఒక చెంబు నీళ్లు. మూడేళ్లలో మన ఈద్‌గాహ్‌లోనూ పండుగ నమాజుకు షామియానా అవసరం లేని నీడ ఉంటుంది. ఇన్షాఅల్లాహ్.